అరుదైన పిట్ట కనిపిస్తే ఏం చేయాలి? పేరు తర్వాత, ముందు నోట్స్

నమస్తే అండి. తుపాను వెళ్ళిపోయాక, హెచ్చరికలన్నీ తీసేశాక, పొద్దున్నే మన విశాఖ ఆర్కే బీచ్‌కో భీమిలికో వాకింగ్‌కి వెళ్ళారనుకోండి. ఇసుకలో ఒక నల్లటి పిట్ట కూర్చుని ఉంది, దగ్గరికి వెళ్ళినా లేవట్లేదు, ఇదివరకు చూసిన పిట్టలా లేదు. మనలో చాలామంది ఏం చేస్తారంటే, ఫోన్ తీసి రెండు ఫోటోలు కొట్టి, వాట్సాప్ గ్రూపులో పడేసి "ఇదేం పిట్ట?" అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. కానీ జవాబు వచ్చేలోపు పిట్ట లేచిపోతుంది, ఆ తర్వాత ఎవరో ఒకరు "నుదుటి మీద తెలుపు ఎంతవరకు ఉంది?" అని అడుగుతారు, అప్పుడు మన దగ్గర సమాధానం ఉండదు. పిట్ట ఎదురుగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో ఏం చూడాలి, ఏం రాసుకోవాలి, తర్వాత ఎక్కడ ఎలా నమోదు చేయాలి అన్నదే ఈ వీడియో.

ముందు ఒక చేదు మాట చెప్పేస్తాను. కొత్త పిట్ట అనిపించినప్పుడల్లా ముందు అది మనకి తెలిసిన పిట్టే అయి ఉంటుందని అనుమానించండి. ఆడ కోకిలని చూశారా ఎప్పుడైనా, ఒళ్ళంతా గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, దాన్ని డేగ అనుకునేవాళ్ళు బోలెడుమంది. పిల్ల గరుడ పక్షికి ఆ తెల్ల తల, ఇటుక రంగు ఒళ్ళు ఇంకా వచ్చి ఉండవు, మట్టి రంగులో ఉంటుంది, దాన్ని ఏదో కొత్త గద్ద అని పెట్టేస్తారు. ఇక తల ఈకలు రాలిపోయి పచ్చటి చర్మం బయటపడ్డ గోరింకని చూసి బుల్లి రాబందు అనుకున్నా ఆశ్చర్యం లేదు! అందుకే అరుదైనవాటి బొమ్మలు బట్టీ పట్టేకంటే, మీ వీధిలో, మీ చెరువులో రోజూ కనిపించేవాటిని పిల్లప్పుడు, పెద్దయ్యాక, ఎగిరేటప్పుడు, తడిసినప్పుడు ఎలా ఉంటాయో చూసి పెట్టుకోండి. తేడా దానంతటదే కంట్లో పడుతుంది.

అలాగని విశాఖలో ఏముంటాయిలే అనుకోకండి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క తూర్పు కనుమలు, మధ్యలో మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ జలాశయాలు, ఊరి అంచునే కంబాలకొండ అడవి, భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. కొంచెం దూరం పోతే కొండకర్ల ఆవ అనే సరస్సు. మన ఊరి పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు వినే ఉంటారు. అబ్బాట్స్ బాబ్లర్ అని చిన్న గోధుమరంగు పిట్ట ఒకటి ఉంది, అది మామూలుగా హిమాలయాల అడుగున, ఈశాన్యంలో, అటు ఆగ్నేయాసియాలో ఉంటుంది. వాటన్నిటికీ ఎంతో దూరంగా మన విశాఖ కనుమల్లోనూ ఉందని తేలింది. ఇక్కడిదాన్ని 1985లో రిప్లీ, బీలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే ఉపజాతిగా వర్ణించి కృష్ణరాజు గారి పేరే పెట్టారు, కృష్ణరాజుయి అని. చూడ్డానికి ఏ ఆకర్షణా లేని పిట్ట అది, మనమైతే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాం.

సరే, ఇప్పుడు బీచ్‌లో ఆ నల్ల పిట్ట దగ్గరికి వద్దాం. నడి సముద్రంలో బతికే పిట్టలు కొన్ని ఉంటాయి, గుడ్లు పెట్టడానికి దీవుల మీదికి తప్ప నేలకి రావు. తుపాను గాలి వాటిని తోసుకొచ్చి ఒడ్డున పడేస్తుంది. వాటిలో సూటీ టర్న్, బ్రైడిల్డ్ టర్న్ అని రెండున్నాయి, రెండూ పైన ముదురు, కింద తెలుపు. తేడా ముఖంలో ఉంది. స్క్రీన్ మీద చూడండి. సూటీకి నుదుటి మీద తెలుపు వెడల్పుగా ఉండి కంటి దగ్గర ఆగిపోతుంది. బ్రైడిల్డ్‌కి ఆ తెలుపు సన్నగా, కనుబొమలా కంటి వెనక్కి కూడా సాగుతుంది. వీపు కూడా చూడండి, సూటీది నలుపు, బ్రైడిల్డ్‌ది బూడిద కలిసిన గోధుమ, అందుకే నల్ల టోపీ వీపు నుంచి విడిగా కనిపిస్తుంది. ఇంకో తిరకాసు ఏంటంటే, పిల్ల సూటీ టర్న్ అసలు ఇలా ఉండదు, దాదాపు ఒళ్ళంతా మసి రంగు, వీపు మీద తెల్ల చుక్కలు. దాన్ని చూసి నాడీ అనే వేరే పిట్ట అనేస్తారు.

ఇవన్నీ అక్కడ గుర్తుకు రావు కదా అంటారేమో. రానక్కర్లేదు. మీకు కనిపించింది కనిపించినట్టు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి చెప్పేయండి: కాకి కంటే చిన్నదా పెద్దదా, ముక్కు రంగు, ముక్కు పొడవు తలతో పోలిస్తే ఎంత, కాళ్ళ రంగు, కంటి చుట్టూ ఏముంది, తోక చీలిందా, ఎగిరితే రెక్కల మీద గీతలున్నాయా, అరుస్తోందా. నాది ఒకటే పట్టుదల, ఇదంతా పుస్తకం తెరవకముందే జరగాలి. ఒకసారి బొమ్మ చూశాక, చూడని గుర్తులు కూడా చూసినట్టే అనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్నా అంతే.

ఫోటోలు బాగా రాకపోయినా పర్లేదు, కానీ పక్క నుంచి ఒకటి, ముఖం ఒకటి, ఎగిరేటప్పుడు ఒకటి ఉండాలి, వీలైతే పక్కన ఇంకో పిట్టో చెప్పో ఏదో ఒకటి ఫ్రేములో ఉంటే సైజు తెలుస్తుంది. ఒరిజినల్ ఫైల్ దాచుకోండి, వాట్సాప్‌లో పంపినదాన్ని కాదు. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఏదైనా పేరు సూచిస్తే సంతోషం, అది దారి చూపిస్తుంది, సాక్ష్యం మాత్రం కాదు. అది గొంతు విని పేరు చెప్పినా మీరు స్వయంగా విని, వీలైతే చూసి నిర్ధారించుకోండి.

కూర్చున్న పిట్ట అలసిపోయి కూర్చుంది, సెల్ఫీ కోసం లేపకండి. కుక్కలు రాకుండా చూస్తే చాలు, గాయం ఉంటే అటవీ శాఖకి ఫోన్ చేయండి. చచ్చిపడి ఉంటే చేతితో ముట్టుకోవద్దు. విశాఖ కాబట్టి ఇంకో మాట, పెద్ద లెన్స్ పట్టుకుని నేవీ గోడల వైపు, పోర్టు వైపు తిప్పకండి, పిట్ట అటే వాలినా సరే వదిలేయండి.

ఇప్పుడు నమోదు. ఎవరు ఏ పిట్టని ఎక్కడ చూశారో రాసుకునే ఈబర్డ్, అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ళది, 2002లో వెబ్‌సైట్‌గా మొదలైంది, ఇప్పుడు యాప్ కూడా ఉంది, ఉచితం. చోటు పెట్టేటప్పుడు మ్యాప్ మీద మీరు నిలబడ్డ చోటే పిన్ వేయండి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా మూడైంది, కొండకర్ల అనకాపల్లి జిల్లాలోకి, అరకు, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి, అలవాటుకొద్దీ అన్నీ విశాఖలో వేసేయకండి. ఏ పిట్ట అరుదో అనేది ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. అరుదైన పేరు ఎంచుకోగానే యాప్ ఎర్ర గుర్తు చూపించి వివరాలు రాయమంటుంది. అక్కడ "క్లియర్‌గా చూశాను, పక్కా సూటీ టర్నే" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఇలా రాయండి: "ఉదయం 6.30, సుమారు 30 అడుగుల దూరం, వెలుతురు నా వెనక నుంచి. వీపు పూర్తిగా నలుపు, మెడ వెనక లేత పట్టీ లేదు. నుదుటి తెలుపు కంటి దగ్గర ఆగింది, వెనక్కి సాగలేదు. తోక లోతుగా చీలి ఉంది. బ్రైడిల్డ్ కాదనడానికి కారణం నుదురు, వీపు రంగు." తెలుగులో రాసినా ఏం కాదు, కానీ చదివేవాళ్ళకి భాష రాకపోవచ్చు, రెండు ముక్కలు ఇంగ్లీషులో కూడా వేస్తే పని తొందరగా అవుతుంది. గూళ్ళు, గుడ్లగూబలు పగలు దాక్కునే చెట్లు మాత్రం ఎక్కడా బహిరంగంగా పెట్టకండి, గ్రూపుల్లో అసలు పెట్టకండి.

కాలికి ఉంగరమో రంగు జెండానో ఉంటే అది వేరే బంగారం. ఏ కాలు, మోకాలికి పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు, అన్నీ రాసుకోండి. మన దేశంలో వేసే ఉంగరాలు చాలావరకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవి, వాళ్ళకి పంపితే ఆ పిట్టని ఎక్కడ, ఎప్పుడు పట్టి ఉంగరం వేశారో చెప్తారు.

నమోదు చేశాక కొన్నాళ్ళకి ఈబర్డ్ రికార్డుల్ని సరిచూసే సమీక్షకుల నుంచి మెయిల్ రావచ్చు. వాళ్ళు జీతాలు తీసుకునే అధికారులు కాదు, మనలాంటి వలంటీర్లే, మిమ్మల్ని అబద్ధాలకోరు అనట్లేదు. ఫోటో ఉంటే జత చేయండి, వాయిస్ నోట్‌లో ఏముందో అదే రాసి పంపండి, లేని గుర్తు ఒక్కటి కూడా కలపకండి. అయినా తేలకపోతే సూటీ లేదా బ్రైడిల్డ్ అని రెండు పేర్లూ కలిపి ఉండే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. అదీ రికార్డే.