మిక్సీలో పీన్యా కొలాడా: రమ్ము కంటే ముందు కొబ్బరి సంగతి

[దృశ్యం: వంటగది గట్టు. పీచు తీసిన కొబ్బరికాయ, అనాస పండు, మిక్సీ, రమ్ము సీసా.]

నమస్కారం. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా వంటగదిలో ఈ రోజు పీన్యా కొలాడా అనే రమ్ము కాక్‌టెయిల్ తయారు చేసుకుందాం. అనాస రసం, కొబ్బరి మీగడ, రమ్ము, ఐసు, ఇంతే సరుకు. అయినా ఇంట్లో చేసుకున్నవారిలో చాలామంది హోటల్లో తాగినట్టు కుదరలేదని నిట్టూర్చి, తప్పంతా రమ్ము మీదకు నెడతారు. నాకు తెలిసినంతలో తప్పు కొబ్బరి దగ్గరే జరుగుతుంది కనుక, ఈ వీడియోలో ఎక్కువ సమయం దానికే ఇస్తున్నాను. మన రాష్ట్రంలో మద్యానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆ వయసు రానివారి కోసం రమ్ము లేని పద్ధతి చివర్లో ఉంది.

[దృశ్యం: ప్రపంచ పటంలో కరీబియన్ సముద్రం, పోర్టోరికో ద్వీపం.]

పీన్యా అంటే స్పానిష్ భాషలో అనాస, కొలాడా అంటే వడకట్టినది. పోర్టోరికో రాజధాని సాన్ హువాన్‌లోని కరీబే హిల్టన్ హోటల్లో 1954లో రమోన్ మరేరో అనే బార్ ఉద్యోగి దీన్ని రూపొందించాడని ఆ హోటల్ చెబుతుంది. అదే నగరంలోని మరొక రెస్టారెంటు, మొదట చేసింది తామేనంటుంది. ఆ తగవు తీర్చడం మన పని కాదు. మనకు అవసరమైన విషయం వేరే ఉంది. ఆ ద్వీపంలోనే రమోన్ లోపెస్ ఇరిసారి అనే వ్యవసాయ ఆచార్యుడు కొబ్బరి మీగడను పంచదారతో కలిపి, విడిపోకుండా డబ్బాలో నిలవ ఉండేలా తయారు చేశాడు. కొబ్బరికాయ కొట్టి, తురిమి, పిండే శ్రమను ఆ డబ్బా తప్పించింది కాబట్టే ఈ పానీయం బార్లలో అంతగా వ్యాపించింది. 1978లో పోర్టోరికో దీన్ని తన జాతీయ పానీయంగా ప్రకటించుకుంది. ఇప్పుడు మనం చేయబోయేది, ఆ డబ్బాలోని సరుకును మన చేతులతో తయారు చేసుకోవడమే.

[దృశ్యం: కొబ్బరి తురుముతున్న చేతులు, దగ్గరగా.]

ఒక ముదురు కొబ్బరికాయను తురిమి, ముప్పావు గ్లాసు గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో వేసి, పలుచని బట్టలో గట్టిగా పిండండి. ఈ మొదటి పాలను పొడుగాటి గ్లాసులో పోసి, మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలి గట్టిపడుతుంది, నీరు అడుగున మిగులుతుంది. ఆ మీగడను చెంచాతో తీసుకోండి.

ఆ మీగడను అలాగే ఐసుతో తిప్పేయడమే అందరూ చేసే పొరపాటు; నేనూ చేశాను. మొదటిసారి ఫ్రిజ్‌లోంచి తీసిన కొబ్బరిపాలను నేరుగా ఐసులో వేసి తిప్పితే, గ్లాసు అంచుల వెంట బొంబాయి రవ్వంత తెల్లటి పలుకులు అంటుకున్నాయి, గుటక వేస్తే అంగిలికి మైనం పూసినట్టయింది. కారణం మన ఇళ్లలో రోజూ కనిపించేదే. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. విశాఖలో ఏడాది పొడుగునా పల్చగా ఉండే నూనె సీసా డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తెల్లబడేది అందుకే. ఐసు తగలగానే మీగడలోని కొవ్వుకూ అదే జరుగుతుంది. దాన్ని ఆపలేము గానీ, కొవ్వును ముందే కంటికి కనబడనంత చిన్న బిందువులుగా చెదరగొడితే, గడ్డకట్టినా నాలుకకు తెలియదు.

[దృశ్యం: చిన్న గిన్నె, సన్నని మంట.]

అందుకు మీగడ ఎంత ఉందో దానిలో సగం బరువు పంచదార, చిటికెడు ఉప్పు కలిపి, సన్నని మంట మీద పంచదార కరిగేదాకా మాత్రమే వేడి చేయండి. పాకం పట్టనక్కర్లేదు, పొంగు వస్తే మీగడ విరిగి నూనె తేలుతుంది. దించి, చేయి పెట్టగలిగేంత వెచ్చగా ఉన్నప్పుడే మిక్సీ చిన్న జారులో అర నిమిషం తిప్పండి. చెంచాతో ఎత్తి వంచితే తేనెలా ఒకే ధారగా జారాలి. వెంటనే వాడేటట్టయితే బయటే ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టిన పక్షంలో వాడే ముందు సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టండి.

కొబ్బరి బదులు ఆవు పాలో, మీగడో వేయవచ్చా అని అడిగేవారు ఉంటారు. వద్దు. పచ్చి అనాసలో బ్రొమెలెయిన్ అనే ఎంజైము ఉంది. అది పాలలోని మాంసకృత్తులను కోసేస్తుంది కాబట్టి కాసేపటికే పానీయం విరిగి చేదెక్కుతుంది. కొబ్బరిలో మాంసకృత్తులు తక్కువ కనుక ఆ బెడద కనిపించదు.

[దృశ్యం: అనాస పండును నిలువుగా కోసి చూపాలి.]

వానాకాలం మొదట్లో సింహాచలం కొండ అనాసలు మన బజార్లకు వస్తాయి. వాటి వాసనే వేరు. కోసిన తరువాత అనాస ఇంకా తియ్యబడదు, మెత్తబడుతుంది, అంతే. కనుక పచ్చికాయ కొని ఇంట్లో మగ్గబెట్టడం వృథా. తొడిమ వైపు వాసన చూసి, తీపి వాసన కొడితేనే తీసుకోండి. పండులో ఆ అడుగు భాగమే ఎక్కువ తియ్యగా ఉంటుంది. రసానికి దాన్ని వాడి, ఆకుల వైపు ముక్కలను ముందు రాత్రే డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. ఐసు కరిగితే పానీయం నీళ్లవుతుంది, అనాస ముక్క కరిగితే అనాసే అవుతుంది.

[దృశ్యం: రెండు రమ్ము సీసాలు, తెల్లది, నల్లది.]

బార్‌టెండర్ల అంతర్జాతీయ సంఘం ఇచ్చే కొలత ఒక్కరికి 50 మి.లీ. తెల్ల రమ్ము, 50 మి.లీ. అనాస రసం, 30 మి.లీ. కొబ్బరి మీగడ. ఇంట్లో నల్ల రమ్ము మాత్రమే ఉందంటే నిరభ్యంతరంగా వాడవచ్చు. పానీయం లేత గోధుమరంగులోకి తిరుగుతుంది, రుచి బరువెక్కుతుంది. అప్పుడు మీగడలో పంచదారకు బదులు అనకాపల్లి బెల్లం వేయమని నా సలహా. రమ్ము పుట్టేది పంచదార తీయగా మిగిలే మొలాసిస్ నుంచి; బెల్లంలో ఆ మొలాసిస్ అలాగే ఉంటుంది కాబట్టి రెండూ సొంతవాళ్లలా కలిసిపోతాయి.

[దృశ్యం: మిక్సీ పెద్ద జారు, పైనుంచి.]

ఇద్దరికి సరిపడా చేద్దాం. జారులో 100 మి.లీ. రమ్ము, 100 మి.లీ. అనాస రసం, 60 మి.లీ. మన కొబ్బరి మీగడ పోసి పది సెకన్లు తిప్పండి. అసలు పద్ధతిలో లేకపోయినా నేను ఒక చెంచా నిమ్మరసం వేస్తాను. లేకుంటే నాలుగో గుక్కకే తీపి మొహం మొత్తుతుంది. ఆ తరువాతే ఒక కప్పు గడ్డకట్టిన అనాస ముక్కలు, గుడ్డలో చుట్టి రోకలితో నలగ్గొట్టిన ఐసు అర కప్పు వేయండి. ఐసు గడ్డలను అలాగే వేస్తే ఇంటి మిక్సీ బ్లేడుకు మంచిది కాదు. ఆపి ఆపి తిప్పుతూ, గలగల శబ్దం తగ్గి గరగరగా మారగానే ఆపేయండి. ఇంకా తిప్పితే ఆ రాపిడి వేడికే కరిగిపోతుంది.

[దృశ్యం: రెండు గ్లాసులు, బాల్కనీ, వెనుక సాయంత్రపు వెలుగు.]

తియ్యగా ఉంది కదా అని దీన్ని జ్యూసులా తాగకండి. రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం అనుకుంటే, ఈ ఒక్క గ్లాసులో సుమారు 21 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం ఉండే 650 మి.లీ. బీరు సీసాలో మూడింట రెండు వంతులన్నమాట. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే బండి నడపడం నేరం కనుక, బీచ్ రోడ్డు షికారు కావాలనుకుంటే ముందే వెళ్లి రండి.

రమ్ము వద్దనుకునేవారు అంతే కొలతలో లేత కొబ్బరినీళ్లు, అర చెంచా అల్లం రసం వేసుకోండి. ఆల్కహాలు లేనందువల్ల ఇది త్వరగా బిగుసుకుంటుంది, ఐసు సగానికి తగ్గించండి.

పది నిమిషాల తరువాత గ్లాసులో నురగ పైకి, రసం కిందికి విడిపోతే కంగారు పడనక్కర్లేదు, చెంచాతో ఒకసారి కలిపితే చాలు. బట్టలో మిగిలిన కొబ్బరి పిప్పిని పారేయకండి; మరోసారి నీళ్లు పోసి పిండిన రెండో పాలు రేపటి పులావుకు, పిప్పి బీన్స్ వేపుడుకు పనికొస్తాయి.