డాబా మీద మడగాస్కర్

తమ్ముడు: అక్కా, సూటిగా అడుగుతున్నా. ఆఫ్రికా విత్తనం బెజవాడ డాబా మీద మొలుస్తుందా?

అక్క: శుభ్రంగా మొలుస్తుంది. మన వీధుల్లో ఎర్రగా పూసే తురాయి ఎక్కడిదనుకున్నావు? మడగాస్కర్‌ది! ఆఫ్రికాలో పెరిగే లావుపాటి మొదలున్న చెట్టు బావోబాబ్, దాని గింజలు తెప్పించుకునే ముందు ఓ తురాయి కాయ ఏరుకొచ్చి ఆ గింజలతో చెయ్యి అలవాటు చేసుకోమంటాను. రెండింటి పెంకూ నీళ్లను లోపలికి పోనివ్వదు.

తమ్ముడు: మరి అడవిలో ఎలా మొలుస్తాయి?

అక్క: బావోబాబ్ కాయల్ని ఏనుగులు తింటాయి. వాటి పొట్టలోంచి బయటపడేసరికి పెంకు మెత్తబడుతుంది. మనమైతే శాండ్‌పేపర్ మీద రుద్దాలి. గింజకి కాయను అంటుకున్న మచ్చ ఉంటుంది, ఆ వైపు ముట్టుకోకు. ఎదురు వైపు రుద్దుతూ లోపల లేతరంగు కనబడగానే ఆపెయ్. రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టు. పొద్దునకి ఉబ్బనివి పారెయ్యకు, మళ్లీ రుద్దు. వేసవే దానికి అదను.

తమ్ముడు: గులకరాళ్లలా కనబడే ఆ చిన్న మొక్కలు, లిథాప్స్, వాటిని కూడా వేసవిలోనేనా?

అక్క: అస్సలు కాదు. అవి నమీబియా, దక్షిణాఫ్రికా రాళ్లనేలవి. 20 డిగ్రీల చుట్టుపక్కల బాగా మొలుస్తాయి, మనకి డిసెంబరు, జనవరి రాత్రులే దిక్కు. ఎండిన కాయ దొరికితే దానిమీద ఒక్క నీటిచుక్క వేసి చూడరా, కాసేపట్లో మూతలు విచ్చుకుంటాయి! చినుకు పడి గింజల్ని చిమ్మాలని ఆ ఏర్పాటు. ఎంత ముచ్చటగా ఉంటుందో. గింజలు గసగసాలకన్నా సన్నం. పైన చల్లి వదిలెయ్, మట్టి కప్పకు. నీళ్లు కింద పళ్లెంలో పోస్తే కుండీయే పీల్చుకుంటుంది.

తమ్ముడు: పైన కవరు కప్పాలా?

అక్క: మొలిచేదాకా కప్పు, ఆ తర్వాత రోజూ కాసేపు గాలి తగలనీ. లేదంటే నారుకుళ్లు వస్తుంది. గుంటూరు మిరప నారుమడిలో కనబడేదే, కాడ మొదట్లో మెత్తబడి వాలిపోతుంది.

తమ్ముడు: ఆకుల అందానికి పెంచే జపాన్ మేపుల్ చెట్టు గురించి చాలామంది అడుగుతున్నారు.

అక్క: తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 3 నెలలు ఉంచితే చలికాలం గడిచిందనుకుని మొలుస్తుంది. కానీ రోళ్లు పగిలే రోహిణికార్తెలో ఆ ఆకు నిలబడదు. మొలిపించి చంపుకోవడం నాకిష్టం లేదు. ఆ ఓపికేదో ఎడారి గులాబీ అనే ఎడీనియం మీద పెట్టండి. అరేబియా, తూర్పు ఆఫ్రికా వేడిలో పుట్టింది, తాజా గింజైతే వారంలో మొలుస్తుంది, మన ఎండకి మొదలు బాగా ఊరుతుంది. కొనేటప్పుడు మాత్రం కాయ ఎప్పుడు కోశారో అడగండి.