ఆకు బొమ్మ సరే, సీసా వెనక ఏముంది? 'ఎకో ఫ్రెండ్లీ' క్లీనర్ల రివ్యూ

అందరికీ నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డులో ఏ అంగడికి పోయినా ఇప్పుడు క్లీనర్ల మీద ఆకుపచ్చ రంగు, వేపాకు బొమ్మ, 'నేచురల్', 'ఎకో ఫ్రెండ్లీ' అనే మాటలే. అట్లాంటివి మూడు తెచ్చి ఇక్కడ పెట్టినాను. కంపెనీ పేర్ల మీద స్టిక్కర్ వేసినాను. రేపు మీ చేతికి ఏ సీసా వచ్చినా మీరే చదువుకోగలగాలి, నాకు కావాల్సింది అదీ.

మొదటిది నేల తుడిచే లిక్విడ్. ముందు పెద్ద వేపాకు. వెనక్కి తిప్పుతా, చూడండి... ఈ చిన్నక్షరాలు. బెంజాల్కోనియం క్లోరైడ్. క్రిముల్ని చంపే మందుగా రాసింది దీన్నే, వేపను కాదు. ఆస్పత్రుల్లో కూడా వాడే మందే, పని చేస్తుంది. కానీ నీళ్లలో బతికే చేపలకు, నాచుకు ఇది విషం. మనం బకెట్ నీళ్లు ఎక్కడ పారబోస్తాం? కాలువలో. ఆ కాలువలు పోయేది స్వర్ణముఖి వైపు. దిగువన శ్రీకాళహస్తి ఉంది. దీని మీద 'ఎకో ఫ్రెండ్లీ' అని రాయడం చూస్తే నాకు కోపమొస్తుంది. అసలు రోజూ ఇల్లు తుడవడానికి క్రిమిసంహారకం అక్కర్లేదు, కాస్త సబ్బు నీళ్లు చాలు.

రెండోది అంట్లు తోమే లిక్విడ్. 'ఫాస్ఫేట్ లేదు' అంట, అంటే నీళ్లలో నాచును పెంచే రసాయనం లేదని. చేత్తో తోమే లిక్విడ్లలో మామూలుగా ఫాస్ఫేట్ వాడనే వాడరు! లేనిదాన్ని లేదని చెప్పి గొప్పగా అమ్ముతున్నారు. ఇంకోటి, 'బయోడీగ్రేడబుల్', అంటే సూక్ష్మజీవులు విరగ్గొట్టగలిగేది. ఇందులో నురగ ఇచ్చే సల్ఫోనేట్ గాలి తగిలే నీళ్లలో బాగానే విరిగిపోతుంది. గాలి ఆడని మురుగులో మాత్రం అంత తేలిగ్గా విరగదు. ఎన్ని రోజుల్లో, ఎట్లాంటి నీళ్లలో అని సీసా మీద ఒక్క ముక్క లేదు.

మూడోది టాయిలెట్ క్లీనర్. లోపల హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆ మాట దాచలేదు. 'సీసా మాత్రమే రీసైకిల్ చేసిన ప్లాస్టిక్' అని స్పష్టంగా రాసి, పక్కన క్యూఆర్ కోడ్ పెట్టినారు. స్కాన్ చేస్తే సర్టిఫికెట్ వచ్చింది. మూడింటిలో నిజాయితీ గలది ఇదే.

రూల్ అడిగేది కూడా ఇదే. 2024 అక్టోబర్ 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రీన్‌వాషింగ్ అంటే పర్యావరణానికి లేని మేలును ఉన్నట్టు చూపి అమ్మడం. 'గ్రీన్', 'నేచురల్', 'ఎకో ఫ్రెండ్లీ' అని ఊరికే రాయకూడదు, ఆధారం చూపాలి. ఆ మాట మొత్తం సరుకుకా, ప్యాకింగ్‌కా, తయారీకా అనేది చెప్పాలి. రంగూ బొమ్మా మోసం చేయనంతవరకు తప్పు కాదు, కాబట్టి ఆకు బొమ్మ మీద కాదు, రాసిన మాట మీద నిలదీయండి.

పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకులకు ప్రభుత్వం ఇచ్చే ముద్ర ఎకోమార్క్. అది 1991 నుంచే ఉంది, మట్టికుండ గుర్తుతో మొదలైంది. నా ముందున్న మూడింటి మీదా అది లేదు.

సీసా ముందూ వెనకా ఫోటో తీసి, బిల్లు దగ్గర పెట్టుకుని, 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు.