తీర్పు చెప్పే ఆంగ్ల క్రియలు: ఎవరికి ఏది వర్తిస్తుంది?

(తెరపై: ఖాళీ న్యాయస్థానం. న్యాయపీఠం ఒకవైపు, జ్యూరీ కూర్చునే వరుసలు మరొకవైపు.)

నమస్కారం. న్యాయమూర్తి, జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందం), ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి), ఒక సంస్థ పాలకవర్గం, వీరంతా చేసేది నిర్ణయమే అయినా ఆంగ్లంలో ఆ సంగతి చెప్పడానికి అందరికీ ఒకే క్రియ వాడరు. 'డిసైడ్' అని రాస్తే తప్పుపట్టేవారు ఉండరు. కానీ నిర్ణయించినది ఎవరు, ఏ అధికారంతో నిర్ణయించారు, తేల్చినది వాస్తవమా, చట్టమా, శిక్షా అన్నది ఆ ఒక్క మాటతో తెలియదు. అవన్నీ తనలోనే చెప్పగల క్రియలు ఆంగ్లంలో చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఇప్పుడు చూద్దాం.

(తెరపై మూడు మాటలు: ఫైండ్, హోల్డ్, రూల్.)

ఒక ఒప్పందంపై వివాదం వచ్చిందనుకోండి. ఆ సంతకం తనది కాదని ప్రతివాది అంటున్నాడు. సాక్ష్యాలను పరిశీలించి, సంతకం అతడిదేనని కోర్టు తేల్చితే దానికి 'ఫైండ్' అనాలి, ఎందుకంటే అక్కడ తేలినది ఒక వాస్తవం. సంతకం చేశాడు కాబట్టి చట్టప్రకారం ఆ ఒప్పందానికి అతడు కట్టుబడి ఉండాల్సిందేనని చెబితే అది 'హోల్డ్'. విచారణ మధ్యలో ఒక న్యాయవాది లేచి, సంతకాల నిపుణుడిని ఈ ప్రశ్న అడగకూడదని అభ్యంతరం చెబితే, దానిపై న్యాయమూర్తి అక్కడికక్కడే ఇచ్చే నిర్ణయానికి 'రూల్' అన్న క్రియ సరిపోతుంది. ఆ అభ్యంతరాన్ని ఆమోదిస్తే 'సస్టెయిన్', తోసిపుచ్చితే 'ఓవర్‌రూల్'. 'రూల్' పరిధి మాత్రం అంతటితో ఆగదు. పత్రికలు తుది తీర్పుకు కూడా దానినే వాడుతున్నాయి, అందులో తప్పేమీ లేదు.

నేరవిచారణలో వాడే క్రియల విషయంలో అర్థం కంటే వాటి వెంట వచ్చే చిన్న మాటల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. దోషిగా నిర్ధారించడం 'కన్విక్ట్', నిర్దోషిగా ప్రకటించడం 'అక్విట్'. నేరం పేరు చెప్పేటప్పుడు ఈ రెండింటి తరువాత 'ఆఫ్' రావాలి గాని, చాలామంది రాసే 'ఫర్' కాదు. శిక్ష విధించడం 'సెంటెన్స్', దాని తరువాత 'టు' వస్తుంది. దోషి అని తేల్చడం, శిక్ష ఖరారు చేయడం వేర్వేరు ఘట్టాలు. ఒక్కోసారి వాటి మధ్య వారాలు గడుస్తాయి. అందువల్ల శిక్ష ఇంకా పడని మనిషి గురించి 'సెంటెన్స్' అని రాస్తే అది వార్తనే మార్చేస్తుంది.

(తెరపై: దిగువ కోర్టు నుంచి పై కోర్టుకు వెళ్లే బాణం గుర్తు, తిరిగి కిందికి వచ్చే మరొక బాణం.)

అప్పీలు దగ్గర ఈ భాష మరింత నిక్కచ్చిగా ఉంటుంది. దిగువ కోర్టు తీర్పును నిలబెడితే 'అఫర్మ్', తలకిందులు చేస్తే 'రివర్స్', తదుపరి చర్య కోసం కేసును వెనక్కి పంపితే 'రిమాండ్'. ఇవి మూడూ అదే కేసుకు సంబంధించినవి. వేరే కేసులో ఎప్పుడో చెప్పిన సూత్రం ఇక చెల్లదని ప్రకటించడానికి మాత్రం మళ్లీ 'ఓవర్‌రూల్' అనాలి. 'రివర్స్'కూ 'ఓవర్‌రూల్'కూ ఉన్న ఈ తేడాను ఆంగ్లం బాగా వచ్చినవారు కూడా తరచుగా మరచిపోతారు.

అమెరికా సుప్రీంకోర్టు పలు రాష్ట్రాల కేసులను కలిపి విచారించిన బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో ఈ క్రియలు దాదాపు అన్నీ కనిపిస్తాయి. నల్లజాతి పిల్లలకు విడి పాఠశాలలు ఉండటం రాజ్యాంగ విరుద్ధమని 1954లో ఆ కోర్టు 'హోల్డ్' చేసింది. 'వేరుగా ఉన్నా సమానమే' అన్న సూత్రాన్ని 1896 నాటి ప్లెసీ కేసులో అదే కోర్టు ఆమోదించి ఉన్నందున, ప్రభుత్వ విద్య మేరకు ఆ పాత తీర్పు 'ఓవర్‌రూల్' అయిందని న్యాయనిపుణులు రాస్తారు. విచిత్రమేమిటంటే తీర్పు పాఠంలో ఆ చోట ఉన్న క్రియ 'రిజెక్ట్'. అమలు ఎలా జరగాలన్న అంశంపై 1955లో వెలువడిన రెండో తీర్పు ఒక్క డెలావేర్ రాష్ట్ర కేసులో తప్ప మిగతా అన్నింటిలో కింది తీర్పులను 'రివర్స్' చేసింది. డెలావేర్ కోర్టు అప్పటికే పిల్లలను చేర్చుకోమని ఆదేశించింది కాబట్టి దాని తీర్పును 'అఫర్మ్' చేసి, ఆ కేసును సైతం మిగతా వాటిలాగే 'రిమాండ్' చేసింది.

'డీమ్' సంగతి వేరు. మామూలు రాతలో 'భావించడం' అన్న అర్థంలో దీనిని అలంకారంగా వాడుతుంటారు. చట్టంలో మాత్రం ఇది నిజం ఏదైనా సరే, ఫలానా విధంగా పరిగణించాల్సిందే అని చెప్పే క్రియ. తపాలాలో పంపిన నోటీసు ఇన్ని రోజుల తరువాత అందినట్టు 'డీమ్' అవుతుందని నిబంధన ఉంటే, అది చేతికి అందలేదన్న వాదన చాలాసార్లు నిలవదు. నేడు వినాశనం అన్న అర్థమే మిగిలిన 'డూమ్' దీనికి తోబుట్టువు. పాత ఆంగ్లంలో ఆ మాటకు తీర్పు అనే అర్థం. బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో న్యాయమూర్తులను ఇప్పటికీ 'డీమ్‌స్టర్' అంటారు.

'ఆర్బిట్రేట్', 'మీడియేట్' రెండింటినీ మనం మధ్యవర్తిత్వం అనే అనేస్తాం గాని, మొదటి దానిలో మధ్యవర్తి తీర్పు చెబుతాడు, రెండవ దానిలో ఇరుపక్షాలను ఒప్పందానికి తీసుకురావడమే అతడి పని. ఆర్బిట్రేటర్ ఇచ్చిన నిర్ణయాన్ని 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక కింద ఇతర దేశాల్లోనూ అమలు చేయించుకోవచ్చు. మీడియేటర్ విషయంలో అమలు చేయడానికి అసలు అతడి నిర్ణయమంటూ ఉండదు.

(తెరపై: ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సమావేశ మందిరం.)

క్రియ ఎంపికపై అత్యంత జాగ్రత్త కనిపించేది భద్రతా మండలి తీర్మానాలలో. మండలి నిర్ణయాలను సభ్యదేశాలు పాటించాలని ఐరాస చార్టర్ 25వ అధికరణం చెబుతుంది. అందుకే 2001 సెప్టెంబరు 28న ఆమోదించిన 1373వ తీర్మానం, ఉగ్రవాదానికి నిధులు అందకుండా దేశాలన్నీ అడ్డుకోవాలన్న మొదటి పేరాను 'డిసైడ్స్'తో ప్రారంభించి, పరస్పర సహకారాన్ని కోరే మూడవ పేరాకు 'కాల్స్ అపాన్' అన్న మెత్తని మాటను వాడింది. ఈ తేడా కోసం దౌత్యవేత్తలు గంటల తరబడి బేరాలాడతారు.

అయినా క్రియ ఒక్కటే అంతా తేల్చేయదు. నమీబియాలో దక్షిణాఫ్రికా అధికారులు కొనసాగడం చట్టవిరుద్ధమన్న 1970 నాటి 276వ తీర్మానంలో ఆ కీలక పేరాలు 'డిక్లేర్స్', 'కాల్స్ అపాన్' అన్న క్రియలతోనే ఉన్నాయి. అయినప్పటికీ అవి సభ్యదేశాలు పాటించి తీరవలసినవేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1971లో అభిప్రాయపడింది. తీర్మానం పదజాలంతో పాటు దానికి ముందు జరిగిన చర్చలను, చార్టర్‌లో ఆధారంగా చూపిన నిబంధనలను కూడా పరిశీలించాలని ఆ సందర్భంలోనే చెప్పింది.