పూల పోటీకి వెళ్దాం రండి
(కడియపులంకలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం అండి. ముందు వరసల్లో అమ్మలూ పిన్నులూ కూర్చున్నారు, వెనక డిగ్రీ చదివే పిల్లలున్నారు, తలుపు దగ్గర నర్సరీ పని మధ్యలో వదిలేసి వచ్చిన అన్నయ్యలు నిలబడే ఉన్నారు. మొక్కలు పెంచడం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు, ఆ విద్య మీ ఇళ్లలోనే ఉంది. నేను ఒకే పని మీద వచ్చాను. మీలో కొందరినైనా పూల ప్రదర్శనల్లో పోటీకి పంపించాలి, పూల అమరికలో గానీ, మొక్కల బొమ్మలు వేయడంలో గానీ. లాల్‌బాగ్‌లో జనవరి 26కీ ఆగస్టు 15కీ ప్రదర్శన జరుగుతుంది, ఊటీలో మే నెలలో జరుగుతుంది. అక్కడ బారులు తీరిన మొక్కల్లో మన కడియం మొక్క ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది గానీ, పోటీ బల్ల దగ్గర మన మనిషి కనిపించడం నాకు అరుదు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఈ బల్ల మీద గ్లాసులో ఒక మందారం పెట్టాను. దాని సంగతి తర్వాత చెప్తాను, ఈలోపు దాన్ని చూస్తూ ఉండండి.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. మా అమ్మ పెళ్లిళ్లకి పూలజడలు కుట్టేది. అరటిపట్ట మీద మల్లెమొగ్గలు వరసగా పేర్చి, మధ్యలో కనకాంబరం, అంచుకి మరువం, రాత్రంతా కుట్టినా మొగ్గకీ మొగ్గకీ మధ్య సూది మొన పట్టేంత సందు కూడా ఉండనిచ్చేది కాదు. నా చెయ్యి అక్కడ తయారైంది. అందుకే మొదటిసారి పోటీకి వెళ్లినప్పుడు నేను చేసింది కూడా అదే, పళ్లెం నిండా పూలు, ఎక్కడా ఖాళీ లేదు. పక్క బల్ల మీద ఒకావిడ ఒక ఎండు కొమ్మ, రెండు ఆకులు, ఒకే ఒక్క పువ్వు పెట్టింది. ఆవిడకి బహుమతి వచ్చింది. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను, చాలా కోపం వచ్చింది. ఆ సాయంత్రం జనం పలచబడ్డాక మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లి అరగంట నిలబడ్డాను. ఆ పువ్వు ఎటు చూస్తోందో, ఆకు ఎందుకు అటు వంగిందో, కొమ్మకీ ఆకుకీ మధ్య వదిలిన చోటులోంచి వెలుతురు ఎలా వస్తోందో అప్పుడు కనిపించింది. పూలజడలో ఖాళీ కనిపిస్తే తప్పు. ఆవిడ చేసింది ఇకెబానా, అంటే జపాన్‌వాళ్ల పూల అమరిక, అందులో ఖాళీ లేకపోతే తప్పు. రెండూ గొప్ప విద్యలే, కాకపోతే ఒకదాని కళ్లతో రెండోదాన్ని చూడకూడదు.

రెండోసారి ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆ క్లాసులో, అంటే పోటీలోని ఆ విభాగంలో, ఒక్కొక్కరికి ఇచ్చిన చోటు వెడల్పు 60 సెంటీమీటర్లు. నేను కొలిచే పెట్టాను. లేత అరటాకు ఒకటి నిటారుగా, దాని కింద రెండు హెలికోనియాలు. ముందురోజు సాయంత్రం పెట్టి వచ్చేశాను. తెల్లారి జడ్జిలు వచ్చేసరికి అరటాకు నీరు కోల్పోయి పక్కకి వాలి గీత దాటింది. నాలుగు వేళ్లు, అంతే. ఆ ఎంట్రీని అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఇంగ్లండులో అయితే ఇలాంటి ఎంట్రీ కార్డు మీద ఎన్.ఎ.ఎస్. అని మూడక్షరాలు రాస్తారు, షెడ్యూల్‌కి, అంటే పోటీ నియమాల కాగితానికి, తగ్గట్టు లేదు అని దానర్థం. పువ్వు ఎంత బాగున్నా ఆ మూడక్షరాలు పడ్డాక ఇంకేమీ చేయలేం. ఆ రోజు నుంచి చోటులో తొమ్మిది వంతులే వాడుతున్నాను, పదో వంతు ఆకు వాలడానికి వదిలేస్తాను. పోటీకి రెండు రోజుల ముందు ఇంట్లో అదే కొలతకి దారం కట్టి, అదే ఆకుతో, అదే కుండీలో అమర్చి, ఒక రాత్రంతా అలా వదిలేసి పొద్దున్నే లేచి చూస్తాను.

కాబట్టి షెడ్యూల్ చదవండి. పోటీలు పెట్టేవాళ్లు ఇచ్చే ఆ కాగితాన్ని భూమి దస్తావేజు చదివినట్టు చదవాలి. తాజా పూలే అన్నారా, ఎండినవి కూడా కలపవచ్చు అన్నారా, రంగు పూసిన కొమ్మ పెట్టవచ్చా, కుండీ కాకుండా బొమ్మలూ గుడ్డలూ లాంటివి పెట్టనిస్తారా, నాలుగు వైపుల నుంచీ చూస్తారా, ముందు నుంచే చూస్తారా. అంశం పేరు ‘వరద’ అని ఇచ్చారనుకోండి, జడ్జికి వరద కనిపించాలి, ‘గోదావరి అందం’ కనిపిస్తే సరిపోదు. అర్థం కాకపోతే నిర్వాహకులకి ఫోన్ చేసి అడగండి, అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. నాకు తెలిసినంతలో ఓడిపోయిన ఎంట్రీలలో సగం ఓడింది పూల దగ్గర కాదు, ఈ కాగితం దగ్గరే.

ఇక పూలు దేనిలో గుచ్చాలి. పెళ్లి మండపాల్లో మనవాళ్లు వాడే పచ్చటి ఫోమ్ ఇటుక మీకు తెలుసు. 1954లో అమెరికాలో కనిపెట్టారు, ప్లాస్టిక్ జాతిది, మట్టిలో కలవదు, పొడిపొడిగా విరిగి నీళ్లలో కొట్టుకుపోతుంది. లండన్‌లో చెల్సీ ప్రదర్శన నడిపే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనలన్నింటిలోనూ దాన్ని నిషేధించింది. మనం వేసిన ప్రతి ముక్కా కాలువలోకే పోతుంది, ఆ కాలువ నీళ్లే చేలకి పోతాయి, కాబట్టి ఇక్కడివాళ్లకి ఇది ఇంకా ముఖ్యం అని నా అభిప్రాయం. దాని బదులు పిన్ హోల్డర్ కొనుక్కోండి, జపాన్‌వాళ్లు కెంజాన్ అంటారు, బరువైన లోహపు బిళ్ల మీద మేకుల్లా సూదులు నిలబడి ఉంటాయి. ఒకసారి కొంటే మీ మనవరాలు కూడా వాడుకోవచ్చు. అది లేకపోతే వెదురు ముక్కలు అడ్డంగా బిగించినా, కోళ్ల గూటికి వేసే ఇనుప వల ఉండచుట్టి కుండీలో పెట్టినా కాడ నిలబడుతుంది.

కొలత విషయంలో ఇకెబానాలోని సోగెట్సు అనే పద్ధతిలో ఒక లెక్క ఉంది, మొదలుపెట్టేవాళ్లకి అది ఊతకర్రలా పనికొస్తుంది. కుండీ వెడల్పూ ఎత్తూ కలపండి, దానికి ఒకటిన్నర రెట్లు పెద్ద కాడ. దానిలో ముప్పావు వంతు రెండోది, ఆ రెండోదానిలో ముప్పావు వంతు మూడోది. పళ్లెం వెడల్పు 30, ఎత్తు 5 సెంటీమీటర్లయితే పెద్ద కాడ సుమారు 52 సెంటీమీటర్లు. పెద్దది దాదాపు నిటారుగా, రెండోది 45 డిగ్రీలు వాలుగా, మూడోది ఇంకా కిందికి వాలి. ఇలా ఓ ఇరవైసార్లు చేస్తే కొలబద్ద అవసరం లేకుండా కంటికే తెలిసిపోతుంది.

సరుకు గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలని ఉంది. పోటీ అనగానే మనవాళ్లు బెంగళూరు నుంచి వచ్చే జర్బెరాలు, కార్నేషన్లు కొనడానికి పరిగెడతారు. ఎందుకండీ? దసరా వెళ్లాక లంకల్లో రెల్లు పూస్తే ఆ తెలుపుని మించిన గీత ఏ దుకాణంలో దొరుకుతుంది? కాలువ గట్టున జమ్ము ఉంది, గోధుమరంగు వెన్నులు నెలల తరబడి పాడవకుండా ఉంటాయి. కొబ్బరి పొత్తి పగిలి బయటికొచ్చే పూతగెల ఉంది, పడవలాగా ఎండిపోయిన ఆ పొత్తే కుండీ అవుతుంది. అరటిపువ్వు దొప్ప లోపలివైపు రంగు చూశారా ఎప్పుడైనా? మనం తిట్టుకుంటూ లాగి పారేసే గుర్రపుడెక్క కూడా పూస్తుంది, దాని పై రేకు మీద పసుపు చుక్కా, దాని చుట్టూ నీలం. ఆ పువ్వు ఎక్కువసేపు నిలవదు గానీ, గాలి నింపినట్టు ఉబ్బిన ఆ కాడలు మాత్రం నిలుస్తాయి. మన గట్టు మీదున్నది బెంగళూరు మనిషికి వింత. పోటీలో అది మీ బలం.

కోసే పద్ధతి మీకు తెలిసినా ఒక్కసారి చెప్తాను. ఎండెక్కాక కోయకండి. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ బకెట్ నీళ్లతోనే తోటలోకి వెళ్లండి. కాడని ఏటవాలుగా కోసి, దాని చివర నీళ్లలో మునిగి ఉండగానే మళ్లీ ఒక అంగుళం కోయండి, అప్పుడు కాడలోకి గాలి బుడగ దూరదు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయండి, లేకపోతే కుళ్లి నీళ్లు పాడవుతాయి. ఒక రాత్రి చీకట్లో, చల్లటి చోట నిలబెట్టండి. తామర అన్నిటికంటే పేచీ పెడుతుంది. దాని కాడ నిండా గొట్టాలు, పాలు కారతాయి, నీరు పైకి ఎక్కదు. సూది లేని సిరంజితో కాడ కొసలోంచి నీళ్లు ఎక్కిస్తే కొంతసేపు ఆగుతుంది. కలువ ముడుచుకోకుండా రేకుల మొదట్లో కరిగిన మైనం చుక్కలు వేసేవాళ్లూ ఉన్నారు, షెడ్యూల్ ఒప్పుకుంటేనే చేయండి. మందారానికి నీళ్లు ఉన్నా లేకపోయినా ఒక్క పగలే ఆయుష్షు, కాబట్టి జడ్జిలు ఏ వేళకి వస్తారో కనుక్కోకుండా మందారం జోలికి వెళ్లొద్దు.

చోటూ డబ్బూ లేనివాళ్లకి చిన్న అమరికల క్లాసులు ఉంటాయి. బ్రిటన్ పోటీల్లో మినియేచర్ అంటే పొడవూ వెడల్పూ ఎత్తూ ఏదీ 10 సెంటీమీటర్లు దాటకూడదు. అరచేతిలో పట్టే అమరిక అన్నమాట. పొగడపువ్వు ఒకటి, గడ్డిచామంతి ఒకటి, ఒక గవ్వ. చూడ్డానికి తేలిక, చేయడానికి కష్టం, ఎందుకంటే కుండీకి పువ్వు కాస్త పెద్దదైనా అంతా తేలిపోతుంది. పిల్లలూ, మీరు ఇక్కడే మొదలుపెట్టండి.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇక్కడికి దగ్గరలోనే సామర్లకోట ఉంది, రైలు మారడానికి చాలామంది దిగి ఉంటారు. 1781 నుంచి దాదాపు పన్నెండేళ్లు అక్కడ విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉన్నాడు. మొక్కలంటే ప్రాణం ఆయనకి. అక్కడ తోట వేసి మిరియాలూ కాఫీ లాంటివి పెంచి చూశాడు, ఈ ప్రాంతపు మొక్కలెన్నిటినో స్థానిక చిత్రకారులతో రంగుల్లో గీయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి, ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే పేరుతో. లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా ఇచ్చాడు, మోదుగ బొమ్మ దగ్గర మోదుగ అనే ఉంటుంది. ఆయన 1793లో కలకత్తా తోటకి వెళ్లాక కూడా ఆ పని సాగింది, మొత్తం రెండున్నర వేలకు పైగా బొమ్మలు. ఆ పుస్తకంలో వేయించినవాడి పేరుంది, అచ్చు వేసినవాళ్ల పేరుంది. వేసినవాళ్ల పేర్లు లేవు. మన గోదావరి నీళ్లు తాగిన చేతులు, మొక్క ముందు కూర్చుని ఈనె ఈనె లెక్కపెట్టి గీసిన చేతులు, వాళ్ల పేర్లు మనకి దక్కలేదు. ఈ కాలంలో పోటీలో బొమ్మ పెడితే కింద మీ పేరు ఉంటుంది. పిల్లలూ, మీరు వేయండి, మీ పేరు రాయండి.

పోటీకి వేసే మొక్క బొమ్మ దృశ్య చిత్రం కాదు. వెనక ఆకాశం ఉండదు, కుండీ ఉండదు, తెల్ల కాగితం మీద మొక్క ఒక్కటే. మామూలుగా అసలు కొలతలోనే వేయాలి, పెంచితే ఎంత పెంచారో గీత గీసి చూపించాలి. బొమ్మ చూసేవాళ్లలో వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు ఉంటారు, కాబట్టి అందం కోసం ఆకు తగ్గించడాలు, రేకు తిప్పడాలు కుదరవు. ఇందాక చెప్పిన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనల్లో ఒకే అంశం మీద వరసగా కొన్ని బొమ్మలు పెట్టాలి, అక్కడ ఒకరిని ఒకరితో పోల్చరు, వాళ్లు పెట్టుకున్న ప్రమాణంతో పోల్చి బంగారు, వెండి పతకాలు ఇస్తారు. అంటే పక్కవాళ్లని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

మొదట పూలు వేయకండి, వాడిపోతాయి, మీరు కంగారు పడతారు. కాయలతో మొదలుపెట్టండి. తామర గింజల కాయ, మోదుగ కాయ, ఎండిన గన్నేరు కాయ, అవి నెలరోజులైనా మీ కోసం ఆగుతాయి. చెయ్యి కుదిరాక పూలకి రండి, అప్పుడు ముందు రంగుల మచ్చలు కాగితం పక్కన వేసి పెట్టుకుని, పువ్వు గీసి, ఆకులు ఆఖర్న వేయండి, ఆకులు ఇంకా ఆగుతాయి కాబట్టి. వర్షాకాలంలో కంచెల మీద అడవినాభి పూస్తుంది. ఆరు రేకులూ వెనక్కి తిరిగి మంటలా ఉంటాయి, విచ్చినప్పుడు పసుపు ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతుంది, కాబట్టి ఏ రోజు పువ్వో రాసుకోవాలి. ఆకు కొసే తీగలా చుట్టుకుని పక్క మొక్కని పట్టుకుంటుంది. కీలం, అంటే పువ్వు మధ్యలో పిందె మీంచి వచ్చే సన్నటి కాడ, మొదట్లోనే సూటిగా పక్కకి విరిచినట్టు వంగుతుంది. చాలామంది దాన్ని నిలువుగా గీసేస్తారు. మొక్కంతా విషం, దుంప మరీను, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

సరే, మందారం చూస్తూనే ఉన్నారుగా. రేకులు ఐదు అని అందరూ చెప్తారు. ఒక రేకు అంచు పక్క రేకు మీద పడుతుంది కదా, అన్నీ ఒకే వైపుకి పడ్డాయా, లేదా? మధ్యలో నిలబడ్డ గొట్టం కొసన ఎర్ర చుక్కలు ఎన్ని? పువ్వు కింద పచ్చటి గిన్నె లాంటిది ఉంది, దాని కింద ఇంకో వరస సన్నటి ఆకులున్నాయి, అవి ఎంతమందికి కనిపించాయి? అమ్మా, మీరు రోజూ దేవుడికి కోస్తారుగా, మీరు కూడా లేచి దగ్గరికి రండి. సాయంత్రానికి ఇది ముడుచుకుపోతుంది. కాగితాలు పంచుతున్నారు, పెన్సిళ్లు తీసుకోండి, ముందు ఆ కింది వరస లెక్కపెట్టి అక్కడి నుంచి మొదలుపెడదాం.