పక్కింటి సీరియల్ మీద నీళ్ళు: పెరటి ఫౌంటెన్ కిట్ రివ్యూ

అందరికీ నమస్కారం. డబ్బా మీద పేరు మీకు కనిపిస్తానే ఉంది. వాట్లు, లీటర్లు, కొలతలు అన్నీ కింద లింకులో ఉన్నాయి, అవి చదివి మీ టయం తినను. కంపెనీవాళ్ళు ఈ ఫౌంటెన్ కిట్ (పంపు, ఫైబర్ తొట్టి, పై పళ్ళెం) ఊరికే పంపినారు, డబ్బులేం ఇయ్యలేదు. వీడియో అయినాక ఇంకోటి పంపుతారని కూడా నమ్మకం లేదు.

కర్నూలు ఎండకు సాయంత్రం ఆరున్నర దాటితే గానీ పెరట్లో కుర్చీ వేసుకోలేం. సరిగ్గా అప్పుడే గోడ అవతల సీరియల్ మొదలైతాది. అత్త ఏమనింది, కోడలు ఏమనింది, ప్రతి మాటా మన చెవిలోనే. చప్పుడు కన్నా మాట అర్థం కావడమే ఎక్కువ చిరాకు. మాట తెలీకుండా చేస్తే సగం గోల పోయినట్టే. ఆ పనికి నీళ్ళ చప్పుడు బాగా సరిపోతాది. దాంట్లో సన్న శబ్దం, బొంగురు శబ్దం అన్నీ కలిసి ఉంటాయి, మాటలో హల్లులు దాని కింద మునిగిపోతాయి.

మరి యాడ పెట్టాల? డబ్బా మీద బొమ్మలో పక్కింటి గోడకు ఆనించి చూపించినారు. తప్పు. మీ కుర్చీ పక్కన పెట్టండి. ఆరుబయట దూరం సగమయ్యే కొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతాది. 4 మీటర్ల అవతల గోడ దగ్గరుండే ఫౌంటెన్‌ను 1 మీటరు దగ్గరికి తెచ్చుకుంటే 12 డెసిబెల్స్ లాభం, పంపు మార్చే పని లేదు. పక్కింటోళ్ళకు మన గోల కూడా తగ్గుతాది.

ఇంక ఒళ్ళు మండే సంగతికొస్తా. (పంపు ఆన్ చేస్తూ) మైకు దగ్గర పెడతాన్నా, వినండి. నీళ్ళ కింద "మ్‌మ్‌మ్" అని ఒకటి వినిపిస్తాందా? గోల తప్పించుకోను తెచ్చిన వస్తువే గోల చేస్తే ఏం చెప్పాలప్పా! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లోపల కాయిలు సెకనుకు 100 సార్లు అదురుతాది. అదిరేది పంపే, మోగేది మాత్రం తొట్టి. చూపిస్తాన్నా. పంపుకు నైలాను దారం కట్టినా, వైరు పట్టుకోని లేపొద్దు, కరెంటు ఉండంగా నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. దారంతో రెండు వేళ్ళెత్తు లేపితే... పోయింది. దించితే... వచ్చింది. పల్చని ఫైబర్ తొట్టి కదా, తప్పెట మాదిరి మోగుతాంది.

పంపు అడుగున నాలుగు రబ్బరు కప్పులు ఇచ్చినారు. అవి తొట్టికి గట్టిగా కరుచుకోని అదురును ఇంకా బాగా దింపుతాయి. పీకేయండి. పాత హవాయి చెప్పు అడుగు అరచేయంత కోసి, పంపు కింద పెట్టి, పంపుకే దారంతో కట్టండి. కట్టకుంటే ముక్క జారి పైకి తేలుతాది. రెండోది, కిట్‌లో వచ్చిన గట్టి ప్లాస్టిక్ పైపు నేరుగా పై పళ్ళెంలోకి పోతాంది, అదురు దాని గుండా కూడా పైకి ఎక్కుతాది. మధ్యలో ఒక జానెడు మెత్తని ట్యూబు వేయండి, అది తొట్టి గోడకు తగలకూడదు. ఇన్ని చేసినాక వినండి... ఇప్పుడు నీళ్ళే వినిపిస్తాన్నాయి. ఐదు రూపాయల రబ్బరు వాళ్ళే పెట్టింటే పోయేది.

కటకటమని చప్పుడొస్తే అది వేరే రోగం. లోపల గాలి ఇరుక్కుంది. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పంపును నీళ్ళలోనే పక్కకు వంచితే బుడగలు బయటికొస్తాయి. అప్పటికీ పోకపోతే పంపు ముందు వైపు మూత తీసి లోపలి ఫ్యాను కడగండి, ఇసుక రేణువు ఉంటాది.

ఇంకో తిక్క పని, నీళ్ళు జారే మూతి. పై పళ్ళెం అంచు జానెడు వెడల్పు పెట్టినారు. ఈ 18 వాట్ల పంపు గంటకు 1100 లీటర్లు తోడుతాది అంటే అది అసలు ఎత్తు లేనప్పుడు. 1.85 మీటర్ల ఎత్తులో సున్నా. అడుగున్నర, రెండడుగులు ఎక్కించేసరికి బాగా తగ్గిపోతాది. ఆ కొంచెం నీళ్ళు జానెడు అంచు మీద పరుచుకుంటే పల్చని పొరై, అంచు కింద భాగానికి అంటుకోని, చప్పుడు లేకుండా జారిపోతాయి. చూస్తాన్నారు కదా, తొట్టి తడుస్తాంది అంతే.

సజ్జ కింద మేస్త్రీ గాడి తీస్తాడు, వాన నీళ్ళు గోడ మీదికి పాకకుండా. అదే కిటుకు ఇక్కడా. బండల అంగట్లో బేతంచెర్లదో తాడిపత్రిదో నాపరాయి ముక్క అడగండి, అంగుళం మందం చాలు. మూతి 5 సెంటీమీటర్ల వెడల్పు, అంచు నుంచి 1 సెంటీమీటరు లోపల, కింది వైపు, కట్టరుతో 4 మిల్లీమీటర్ల గాడి. రాయిని పై పళ్ళెం అంచు మీద ముందుకు రవ్వంత వాలుగా పెట్టండి. ధార తెగి నేరుగా పడుతాది. 25, 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, కనీసం 15 సెంటీమీటర్ల లోతు నీళ్ళలో పడితే గలగలా కాకుండా కొంచెం బరువైన చప్పుడు వస్తాది. మాటలు బాగా మునగాలంటే నీటి మట్టానికి సమంగా ఒక గుండ్రాయి పెట్టి, ధారలో సగం దాని మీద పడేట్టు జరపండి, ఆ చిటపట కూడా కలుస్తాది. తొట్టి అడుగున్నర కన్నా సన్నగా ఉంటే నీళ్ళన్నీ చిందిపోతాయి.

సోలార్ పంపు కొంటే కరెంటు ఖర్చు లేదంటారు. గతంలో ఈ ఛానల్లో చూపించిన సోలార్ కిట్‌లో బ్యాటరీ లేదు, పొద్దు వాలితే ఆగిపోతాంది. మనం కూర్చునేదే పొద్దు వాలినాక! ఈ పంపు రోజుకు 3 గంటలు నడిపినా నెలకు 1.6 యూనిట్లు, దానికి భయమెందుకు. స్పీకరులో వాన శబ్దం పెట్టి కూడా చూసినాం, అదే వాన మళ్ళీ మళ్ళీ తిరుగుతాంటే చెవికి తెలిసిపోతాది.

మన బోరు నీళ్ళతో జాగ్రత్త. ఉప్పు, సున్నం ఎక్కువ, నెలకే పంపు ఫ్యాను మీద తెల్లని పొర కడుతాది, తిరగడం బరువై మళ్ళీ గుర్రుమంటాది. బకెట్లో లీటరు నీళ్ళకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పంపును ఒక గంట నానబెట్టండి. బకెట్లోనే. తొట్టిలో పోస్తే నాపరాయి కూడా సున్నపురాయే కాబట్టి మెరుపు పోయి గరుకు పడుతాది. మే నెలలో నీళ్ళు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైతాయి, చిందినవి వేరే. పంపు మునిగేంత వరకు తొట్టి లోపల గీత గీసుకోండి, గీత కనిపిస్తే నీళ్ళు పోయాల. వారానికోసారి మొత్తం పారబోసి గోడలు తోమండి, లేకుంటే దోమల ఫ్యాక్టరీ.

వైరు మీటరు కూడా లేదు, దాంతో అందరూ తడి నేల మీద జంక్షన్ బాక్సు పెడతారు. పెట్టొద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) ఉండే లైను నుంచి, నేల మీద కాకుండా గోడ మీద ప్లగ్గు పెట్టించండి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాల, అట్లయితే తడి ప్లగ్గులోకి పోదు.

ఇది చేయలేనిది డీజే. ఆ గుబగుబ బాస్‌ను ఏ ఫౌంటెనూ మూయలేదు, ఆకుపచ్చ నెట్టు, వెదురు తడికె అసలుకే ఆపవు. సందు లేకుండా నిలబెట్టిన కడప బండల గోడ మాట శబ్దాన్ని కొంత ఆపుతాది, అదీ పక్కింటి టీవీకీ మన చెవికీ మధ్య అడ్డం పడేంత ఎత్తుంటేనే. మిద్దె మీది కిటికీ నుంచి వచ్చేది పైనుంచే దిగుతాది. ప్రత్యేక అనుమతి లేకుండా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ముందు పోయి మర్యాదగా చెప్పండి, వినకపోతే 112.

ఇంక కొనాలా వద్దా? పంపు మంచిదే, విడిగా అమ్మితే తీసుకోండి. లేకుంటే కూలరు పంపు, సిమెంటు తొట్టి, నాపరాయి ముక్క చాలు, సిమెంటు తొట్టి బరువుకు అదురు కూడా తక్కువ. వీళ్ళ ఫైబర్ తొట్టికి అడుగున నాలుగు బెజ్జాలు వేసినా, తులసి పెట్టుకోను బాగుంది.