ఆ నలభై సెంట్లు

(అనంతపురంలో ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం ఈ జిల్లాలోనే, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో, రైతులకు అప్పులివ్వడం, వసూలు చేయడం నా పని. మనస్సాక్షికి తగిలే దెబ్బ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నాకు బాగా తెలిసిన దెబ్బ నాదే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

2008లో కేంద్రం రుణమాఫీ ఇచ్చింది. రెండు హెక్టార్లు, అంటే మన లెక్కలో ఐదెకరాల లోపు ఉంటే బకాయి మొత్తం మాఫీ. అది దాటితే 25 శాతమే. మనలాంటి కరువు జిల్లాల్లో 25 శాతమో 20 వేలో, ఏది ఎక్కువైతే అది. అదీ మిగిలిన సొమ్ము కట్టినవాళ్లకే. కోస్తాలో కాలువ కింద మూడెకరాల వరి మడినీ, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మన ఎర్రనేలలో ఆరెకరాల శెనక్కాయ చేనునూ ఒకే కొలతతో కొలిచారు. మడి ఉన్నాయనకు మొత్తం మాఫీ అయింది, చేను ఉన్నాయనకు కాలేదు. ఇది అన్యాయమని బ్యాంకులో మా అందరికీ తెలుసు. టీ తాగేటప్పుడు అనుకునేవాళ్లం కూడా.

జాబితాలు బ్యాంకు గోడకు అంటించాం. ఒక రైతు వచ్చి పక్కనున్న పిల్లోడితో చదివించుకున్నాడు. ఆయన పాసుబుక్కులో 5 ఎకరాల 40 సెంట్లు. నా టేబుల్ దగ్గరకొచ్చి, "సార్, ఆ నలభై సెంట్లు బండ సార్. గడ్డి కూడా మొల్చదు. కావాలంటే వచ్చి చూడు" అన్నాడు. నేను ఫైల్లోంచి తలెత్తలేదు. "రూలు అంతే పెద్దాయనా" అన్నాను. ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. ఎడమ చెప్పు తెగితే తీగతో కట్టుకున్నాడు. నేను తల దించుకుని ఉన్నాను కాబట్టి నాకు కనబడింది అదొక్కటే.

కొన్నాళ్లకు సంతలో ఎద్దులమ్మి తెచ్చి కట్టాడు. వసూళ్లు బాగున్నాయని పైఆఫీసు నన్ను మెచ్చుకుంటూ లెటర్ పంపింది. ఆయనా, భార్యా బెంగళూరు పోయి, కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర కాపలాకు కుదిరారని తర్వాత తెలిసింది.

నాకు నిద్ర పోయింది. బీపీ అన్నారు, టెన్షన్ అన్నారు, మాత్రలిచ్చారు. మాత్ర వేసుకుంటే నిద్ర పట్టేది, తెల్లారి లేస్తే ఆ చెప్పు అట్లాగే కళ్ల ముందు ఉండేది.

వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1990ల్లో 'మారల్ ఇంజురీ', అంటే మనస్సాక్షికి తగిలే దెబ్బ, అనే మాటను వాడుకలోకి తెచ్చారు. ప్రాణభయంతో వచ్చే జబ్బు వేరు. తప్పని తెలిసీ చేసినందుకో, చూస్తూ ఊరుకున్నందుకో, నమ్మిన పైవాళ్లే దగా చేసినందుకో వచ్చేది వేరు. భయపడినవాడికి ఇక భయం లేదని ధైర్యం చెప్పొచ్చు. కుమిలిపోయేవాడికి "నీ తప్పేం లేదులే" అంటే ఎక్కదు, ఎందుకంటే కొంత ఉందని వాడికి తెలుసు.

2021లో ఆక్సిజన్ చాలక, ఎవరికి పెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చిన నర్సమ్మలు మీలో ఉండొచ్చు. మన సీమలో నాయకుడి మాట మీద కత్తి పట్టినవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్షన్ మీద ఎన్నో సినిమాలొచ్చాయి గానీ, ఇంటికొచ్చాక ఆ మనిషికి అన్నం ఎట్లా దిగిందో మనం ఎప్పుడూ అడగలేదు.

చచ్చిపోవాలనిపించేంత బాధ ఉంటే డాక్టరు దగ్గరకు పోవాల్సిందే. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కానీ నాకు మాత్రలతో తగ్గనిది ఎక్కడ తగ్గిందో కూడా చెప్పాలి.

రిటైరయ్యాక ఒకసారి పీర్ల పండక్కి ఆ ఊరు పోయాను. గుండం దగ్గర హిందువులూ ముస్లింలూ అందరూ కూడారు. రచ్చకట్ట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఒక ముసలామె నోరు విప్పింది. వాళ్లకు నాలుగెకరాలు, అప్పు మొత్తం పోయింది. "మాకు మాఫీ అయినాక ఆ మనిషి ఎదురొస్తే మేం సందు తిరిగి పోయేవాళ్లం నాయనా, మొగం చెల్లక" అంది. ఇంకొకాయన, "ఎద్దులు అగ్గువకు కొన్నోణ్ణి నేనే" అన్నాడు. ఇన్నేళ్లూ నా ఒక్కడి బరువే అనుకున్నాను. ఊరంతా తలా కొంచెం మోస్తూ, ఒకరికొకరు చెప్పుకోకుండా ఉన్నారు.

నలుగురిలో చెప్పుకోవడమంటే నాకు అప్పుడు అర్థమైంది. ఎవరి పాలు ఎంతో తేలుతుంది. నా పాలు నాకు మిగిలింది, అది నేను మోయగలిగినంతే. రూలు రాసినవాళ్ల పాలు కూడా ఉంది, వాళ్లు ఇంకా ఏ రచ్చకట్ట మీదా కూర్చోలేదు. కిందివాళ్లే ఒప్పుకుని ఏడ్చి సర్దుకుపోతే దాన్ని నేను మానడం అనను.

ఊరివాళ్లే ఆయనకు ఫోన్ చేశారు. ఉగాదికి వచ్చాడు. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు వేపచెట్టు వైపు చూస్తూ కూర్చుని, "రూలు నువ్వు రాయలేదని నాకు తెల్సు సార్. ఆ పొద్దు తలెత్తి చూసింటే చాలు" అన్నాడు.

మధ్యాహ్నం నన్ను చేనికి తీసుకుపోయి ఆ నలభై సెంట్లు చూపించాడు. నిజంగానే బండ.